హాతీరాం మేస్త్రీ జానెడు అంబాసిడర్

దమ్మపేట దాటి పామాయిల్ తోటల మధ్య నుంచి లోపలికి పోతే వచ్చే తండాలో హాతీరాం ఇల్లు. సత్తుపల్లి చుట్టుపక్కల తిరిగే ఏ పాత కారు ఒంటి మీదైనా ఆయన వేసిన రంగు ఒక్క పొరైనా ఉంటుంది. గొప్పకు చెప్పడం లేదు, బండ్లవాళ్లను అడిగి చూడండి! డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో పనికి చేరి, మేస్త్రీ అయ్యి, ఆ సంపాదనతోనే కూతురు జ్యోత్స్నను నర్సు చదివించాడు. అలాంటి మనిషికి పోయిన వానాకాలం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది.

కాలు కోలుకుంది. మాట కూడా తిరిగొచ్చింది, రావలసిన దానికంటే ఎక్కువే వచ్చిందని భార్య మంగ్లి అంటుంది. చెయ్యి లేస్తుంది, ముడుచుకుంటుంది, చెంబు పట్టుకుంటుంది. స్పర్శ మాత్రం లేదు. వేడి టీ గ్లాసైనా, ఐసుగడ్డైనా ఆ వేళ్లకు ఒకటే. ఇదేమంత పెద్ద సంగతి అనుకునేరు! కారు సొట్టలను లప్పం ముద్దతో పూడ్చి, నీళ్ల పేపరనే గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూస్తారు మేస్త్రీలు. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో ఆ చెయ్యే చెప్పాలి. రంగు ఎక్కి మెరుపు వచ్చాక గానీ కంటికి ఆ వంకరలు కనబడవు, అప్పటికి కొంప మునిగినట్టే. ఆ చెయ్యే మొద్దుబారితే ఇంకేం మేస్త్రీ? పగలంతా మంచం మీద హాతీరాంకు అదే దిగులు.

ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానలో పనిచేసే జ్యోత్స్న ఒక ఆదివారం అట్టపెట్టె పట్టుకొచ్చింది. పెట్టె మీద పాత అంబాసిడర్ కారు బొమ్మ. లోపల తలుపులు, చక్రాలు, బంపర్లు, స్టీరింగు, అన్నీ ప్లాస్టిక్ ముక్కలే, చట్రాలకు అతుక్కుని ఉన్నాయి. వాటిని కత్తిరించి, అతికించి, రంగు వేసుకుంటే జానెడు కారు తయారవుతుంది.

"బాపూ, వేళ్లతోటి చిన్న చిన్న పనులు చెయ్యాలని ఫిజియో సార్ చెప్పిండు గదా. పప్పుల రాళ్లు ఏరమంటే ఏరవు. ఇదన్న చెయ్యి."

"పోరగాండ్ల ఆట నాకెందుకే?"

"ఏడ్చినవ్ తియ్," అంది మంగ్లి. "పొద్దంత ఫ్యాను దిక్కు చూసుకుంట పండుడు పెద్దోళ్ల పనా?"

హాతీరాం పైకి గొణిగాడు గానీ లోపల పంతం పట్టాడు. ఈ కారును షెడ్డులోంచి బయటికొచ్చిన బండిలా నిగనిగలాడిస్తే తిరిగి పనికి పోవాలి. చేతకాకపోతే ఇక షెడ్డు పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఆ మాట మంగ్లికి కూడా తెగేసి చెప్పాడు.

గోళ్ల కత్తెరతో ఒక్కో ముక్కా కత్తిరించాడు. కుడిచేత్తో పట్టుకోవడం, ఎడమచేత్తో అతికించడం. పట్టుకున్న ముక్క జారిపోయినా ఆ చేతికి తెలియదు, కింద టిక్కుమంటే అప్పుడు వెతుక్కోవాలి. అలా జారిపడ్డ హెడ్‌లైటు అద్దాన్ని గింజనుకుని కోడిపెట్ట కాస్తా మింగేసింది. హాతీరాం దాన్ని తండా అంతా తరిమాడు, కుంటుకుంటూ! చివరికి మంగ్లి తన పాత అద్దాల రైక నుంచి చిన్న బిళ్ల ఒకటి ఊడదీసి ఇచ్చింది. అసలు లైటు కంటే అదే బాగుందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది రంగు. పెట్టెలోనే చిన్న చిన్న రంగు సీసాలున్నాయి, నీళ్లతో కలిపి వేసుకునేవి. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో బొమ్మలతో చూపించే కాగితమూ ఉంది. హాతీరాం ఆ కాగితం వంక చూస్తాడా! రంగుకు ముందు బండిని థిన్నరు గుడ్డతో తుడవాలి, జిడ్డంతా పోవాలి. షెడ్డులో అది పొద్దున లేచి మొహం కడుక్కున్నంత మామూలు పని. అటక మీది థిన్నరు సీసా దింపించి, గుడ్డ తడిపి, కుడిచేత్తో కారు టాపును గట్టిగా తుడవసాగాడు. చూపు మాత్రం వాకిట్లో ఎండకు పోసిన మిరపకాయల మీద ఉంది, కోడి మళ్లీ వస్తుందేమోనని.

ఇనుప రేకు మీదైతే థిన్నరు ఇలా తుడిస్తే అలా ఆరిపోతుంది. ఇది ప్లాస్టిక్ ఆయె! పైపొర కరిగి బంకలా సాగుతోందని మంచి చేతికైతే వెంటనే తెలిసిపోయేది. ఈ చెయ్యి రుద్దుతూనే ఉంది. గుడ్డ మొరాయించాక కిందికి చూస్తే టాపు మధ్యలో గుంట పడి, గుడ్డ పోగులు అంటుకుని ఉన్నాయి.

"అయ్యో, నా బండీ!"

ఆ కేకకు మళ్లీ పడిపోయాడనుకుని మంగ్లి పొయ్యి కాడి నుంచి పరుగెత్తుకొచ్చింది.

"కరుగుతున్నదని నా చెయ్యి నాకు చెప్పలే మంగ్లీ. అయిపోయింది. ఇగ నేను షెడ్డుకు పోను," అన్నాడు హాతీరాం. పక్షవాతం వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాడు.

మంగ్లి ఆయనకు చెప్పకుండా బొజ్జయ్యకు ఫోన్ కొట్టింది. ములకలపల్లి అవతలి కోయగూడెం నుంచి వచ్చి హాతీరాం దగ్గరే పని నేర్చుకున్నవాడు బొజ్జయ్య. ఇప్పుడు షెడ్డు పని అతనే చూసుకుంటున్నాడు. సాయంత్రానికల్లా లప్పం డబ్బాతో దిగాడు.

"అబ్బో, పెద్ద యాక్సిడెంటే! ఎవలు గుద్దిండ్రు మేస్త్రీ?"

"నవ్వకురా, అసలే కడుపు మండుతున్నది."

"మరి టాపు అణిగిన బండి షెడ్డుకు వస్తే ఏం చేస్తం? తుక్కుల పారేస్తమా?" అంటూ బొజ్జయ్య లప్పం తీసి గుంట మీద దట్టంగా మెత్తాడు.

"ఆగాగు! గోడకు పేడ కొట్టినట్టు కొడుతవేందిరా? పల్చగ పెట్టాలె! ఒక పొర ఎండినంక ఇంకో పొర! ఇటు తే." హాతీరాం కారును ఒళ్లోకి లాక్కున్నాడు. బొజ్జయ్య మంగ్లి వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు.

ఆనాటి నుంచి పొద్దున్నే అరుగు మీద అదే పని. లప్పం పెట్టడం, ఎండనివ్వడం, నీళ్ల పేపరుతో రుద్దడం. రుద్దిన ప్రతిసారీ ముందు కుడిచేత్తోనే టాపును నిమిరేవాడు. ఆ చెయ్యి ఏమీ చెప్పేది కాదు. దాన్ని నాలుగు తిట్లు తిట్టి, ఎడమచేత్తో సరిచూసుకునేవాడు. మెల్లగా టాపు చదునైంది. ఈసారి బుద్ధిగా కాగితంలోని బొమ్మలు చూసుకుంటూ, పెట్టెలోని మీగడ రంగే కుంచెతో ఒక పొర వేశాడు. ఆరాక మళ్లీ పేపరు పట్టాడు, కడిగాడు, కళ్లు మూసుకుని నిమిరాడు.

చూపుడువేలు ఒకచోట ఆగింది.

హాతీరాం వేలు ముందుకు జరిపాడు, వెనక్కి తెచ్చాడు. అక్కడే మళ్లీ తగిలింది, వెంట్రుకంత సన్నగా.

"మంగ్లీ! జల్దీ రా! ముందటి అద్దానికి పైన, టాపు మీద ఏమన్న ఉన్నదా చూడు."

మంగ్లి ఎండకు ఎత్తి చూసింది. "ఏం లేదు. నున్నగనే ఉన్నది."

"ఉన్నది. గోరుతోటి గీకు."

గీకితే రంగు కింద నుంచి గుడ్డ పోగు ఒకటి లేచింది. మంగ్లి నోరు తెరిచింది. "అవ్ గదా! కంటికి కూడ ఆనలే. నీకెట్ల తెలిసింది?"

హాతీరాం అరుగు బండను తడిమాడు, చల్లగా ఉంది. మంచం నులకను తడిమాడు, గుచ్చుకుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, ఉంటే ఉండనీ! "బొజ్జిగానికి ఫోన్ చెయ్యి, సోమవారం షెడ్డుకు వస్తున్ననని చెప్పు!" అని కేకేసి, ఆ సంబరంలో మంగ్లి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, ఆ అరచేతిని వేళ్లతో నిమిరాడు.

"ఏందే ఇది? నీ చెయ్యి గిట్ల గరుకుగ ఎప్పుడైంది?"

ఆయన పడిపోయిన నాటి నుంచి చేనూ, కట్టెలూ, నీళ్లూ, ఆయన స్నానమూ అన్నీ ఆ చేతుల మీదే నడిచాయి. నూనె రాసి ఆ మొద్దువేళ్లను రోజూ పిసికిందీ ఆ చేతులే.

"ఎప్పుడో అయింది," అంది మంగ్లి, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటూ. "రోజూ పట్టుకుంటనే ఉన్నవ్. నీకు ఇయ్యాల తెలిసింది."