పొయ్యి పక్కన తలుపు

దసరాకు అమ్మ, నా భార్య, రెండేళ్ల కవలలతో పాలమూరు వెళ్లాలని ఈ సాయంత్రం ముంబయి వర్లిలో అద్దెకిచ్చే క్యాంపర్ వ్యాను ఒకటి చూశాం. పరుపులు, పొయ్యి, అన్నీ బాగున్నాయి. పొయ్యి పక్కనున్న చిన్న తలుపు తీసి, లోపల మరుగుదొడ్డి చూడగానే అమ్మ ముఖం చిట్లించింది.

“గిదేందిరా, అన్నం వండే కాడ సండాసా? మన చాలీల గ్యాలరీ ఆఖరుకు పెట్టిన్రు, ఊకెనే పెట్టిన్రా?” అంటూ దిగిపోయింది.

సరే, వద్దులే అనుకుని చూస్తే నా భార్య కనిపించలేదు. పిల్లలిద్దరితో ఆ తలుపు వెనకే గడియ పెట్టుకుని ఉంది. కామాఠిపురాలో మేముండే అద్దె గదుల చాలీలో రోజూ పొద్దున వాళ్లను చెరో చంకన వేసుకుని, అందరికీ కలిపి ఉన్న సండాసు లైన్లో నిలబడేది తనే. తలుపు తట్టాను.

“జర ఆగున్రి. నా ఎన్క లైన్ల ఎవ్వరు లేరు గద!”

వ్యాను ఖాయం చేశాను. అమ్మకు ఏమని చెప్పాలో మీరే చెప్పండి.