ఉత్త చేతుల మిల్ట్రీ

మా మరిది పోయాడన్న కబురు వచ్చేసరికి మేం ఆడుతున్నాం. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే. మొన్న చైత్రంలో, ఇటుకల పండగ మూడో రోజు, మగవాళ్లంతా వేటకి అడవిలోకి వెళ్లారు. పొద్దు వాలే వేళ కొండవార దారిలో ఇద్దరు భుజాల మీద కర్ర మోసుకుంటూ దిగుతున్నారు. కర్రకి ఏదో బరువు వేలాడుతోంది. కణుజు దుప్పి దొరికిందనుకున్నాం. పండగ రోజుల్లో కర్ర మీద బరువొచ్చిందంటే మా ఊళ్లో ఇంకో అర్థం తట్టదు. ఆడవాళ్లమంతా నడుముల మీద చేతులు వేసుకుని దింసా ఆటకి వరస కట్టాం. ఎవరో "మన మిల్ట్రీయే కొట్టుంటాడు" అన్నారు. అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. కర్ర దగ్గరికొచ్చాక చూస్తే దానికి కట్టి ఉన్నది మా మరిది సైన్యం నుంచి తెచ్చుకున్న కంబళి. అందులో ఉన్నది అతనే. కొండెక్కుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడట, మళ్లీ లేవలేదట.

ఆ నవ్వు ఎందుకో మీకు చెప్పాలి. మా ముంచింగిపుట్టు వైపు ఊళ్లలో ఇటుకల పండగకి మగాళ్లు వేటకి వెళ్తారు. తెచ్చిన మాంసంలో చిన్న ముక్క విత్తనాల్లో కలిపి దేవుడికి చూపిస్తారు. ఆ విత్తనం చల్లితేనే పంట అని నమ్మకం. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. వదిన వరసైతే మొదటి కుండ ఆమెదే. మా మరిదికి ఉన్న ఒక్కగానొక్క వదినని నేను. దాదాపు ఇరవై ఏళ్లు, ఏటా మొదటి కుండ నేనే పోశాను. ఒక్క ఏడాది కూడా అతను ఏదీ కొట్టి తేలేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే అతను సైన్యం నుంచి తిరిగొచ్చాడు. పంతొమ్మిదొందల అరవై ఏడో, ఎనిమిదో. మా కొండల్లోంచి సైన్యానికి వెళ్లిన మొదటివాడు కాబట్టి ఊరంతటికీ మిల్ట్రీ అయిపోయాడు. ఆ చైత్రంలో పెద్దలు అతన్ని అన్నిటికన్నా మంచి కాపులో, జంతువు తప్పనిసరిగా దిగే కొండ సందులో నిలబెట్టారు. తుపాకీ పట్టిన చేయి, ఇంకేం కావాలి అనుకున్నారు. డప్పులు కొట్టి తరిమితే కణుజు సరిగ్గా అతని ముందుకే వచ్చి ఆగింది. పక్క చెట్టు మీదున్న మా ఆయన కళ్లారా చూశాడు. మరిది తుపాకీ ఎత్తాడు, కాసేపు అలాగే ఉన్నాడు, దించేశాడు. కణుజు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కుండలన్నీ అతని మీదే ఖాళీ అయ్యాయి. అటెన్షన్‌లో నిలబడ్డాడు, కళ్లు కూడా తుడుచుకోలేదు. అందరికన్నా గట్టిగా అన్నది అతని కన్నతల్లి, మా అత్త. "మిల్ట్రీకెల్లి ఏటి నేర్సుకొచ్చినావురా? కణుజుకి సెల్యూట్ కొట్టడమా?" ఆ మాట కొండ దాటి సంతలన్నిటికీ పాకింది. తర్వాత వచ్చిన రెండు పెళ్లి సంబంధాలు ఆ మాట విని వెనక్కి పోయాయి. మూడోది రాలేదు.

సైన్యంలో వచ్చిన డబ్బుతో సంత పక్కన డీజిల్ ఇంజను పెట్టి పిండిమర తెరిచాడు. అంతకుముందు చోళ్లు పిండి చేసుకోవాలంటే తిరగలి ముందు కూర్చుని రెక్కలు ముక్కలు చేసుకోవడమే. మర దగ్గర అంతా పెరేడే. ఎంత గొప్పవాళ్లయినా లైనులో నిలబడాలి. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం నేరుగా ముందుకు రావాలి. గింజలు నెత్తిన పెట్టుకుని కొండ దిగొచ్చిన మనిషి బరువు దించగానే చెంబుతో నీళ్లు ఇచ్చేవాడు. "మోసినోలికి ముందు నీల్లు. తరవాతే మాట" అనేవాడు. అది మిల్ట్రీ రూలు కాబోలనుకునేవాళ్లం. ఇంకో రూలు కూడా ఉండేది, మర చుట్టుపక్కల ఎవరూ ఈల వేయకూడదు. ఒకసారి ఎంత పెద్దమనిషో చూడకుండా, ఈల వేస్తూ వచ్చిన అటవీ గార్డుని మెడపట్టి బయటికి నెట్టాడు. ఆ పొగరు చూసి కూడా నవ్వుకున్నాం.

ఆ ఈల సంగతి నాకు తెలియడం నా పొరపాటు వల్లే. ఒక మధ్యాహ్నం మా దూడ మర వెనక్కి పోతే, అలవాటుకొద్దీ నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాను. అది పరిగెత్తుకుంటూ వచ్చింది. తిరిగి చూస్తే మరిది గుమ్మంలో ఉన్నాడు. ముఖాన పిండి ఉంది సరే, పిండి కింద కూడా రక్తం లేదు. ఇంజను ఆపేసి గడప మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. సైన్యంలో అతను పట్టింది తుపాకీ కన్నా ఎక్కువగా కంచరగాడిదల పగ్గాలు. మంచుకొండల మీదికి సామాను మోసే ఐదు కంచరగాడిదలు అతనివి. వెనక్కి వచ్చేయండి, జంతువుల్ని శత్రువుకి వదలకండి అని ఆర్డరొచ్చింది.

"నానీలేస్తే ఎక్కడున్నా వచ్చీవి వదినా. ఆ పొద్దు కూడా ఈలేసినాను. వచ్చినాయి. నీల్లిస్తాననుకున్నాయి."

ఐదింటినీ తన చేత్తోనే కాల్చాడు. ఐదోది ముందు నాలుగు పడిపోవడం చూసి కూడా కదల్లేదట.

నేను ఏడ్చాను. అతనికి అది నచ్చలేదు. "ఒకలికీ సెప్పకు. నవ్వితే నవ్వనీ. జాలి పడితే నానిక్కడ బతకలేను" అన్నాడు. మరి వేటకి వెళ్లడం మానేయొచ్చు కదా, జరిమానాగా ఒక మేకని ఇస్తే సరిపోతుంది కదా అన్నాను. దానికి తల అడ్డంగా ఊపాడు. ఆ పేడనీళ్లు తనకి రావాల్సినవే అనుకునేవాడని నాకు తర్వాతెప్పుడో తోచింది. మరుసటి చైత్రంలో నా చేయి ఆడలేదు. కుండలో సగం నీళ్లు కింద ఒలకబోసి, మిగతావి కాళ్ల మీద చిలకరించాను. అతను పెదాలు కదపకుండా, నాకు మాత్రమే వినపడేలా, "సరిగ్గా కొట్టు వదినా" అన్నాడు. సరిగ్గానే కొట్టాను. ఆ తర్వాత ప్రతి ఏడూ సరిగ్గానే కొట్టాను.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే నేను మంచిదాన్నయిపోతాను. కానీ వానలు ఎగ్గొట్టిన ఏడాది సంగతి ఉంది. సామలు మొలకలోనే మాడాయి. పెద్దలు కూర్చున్నారు. విత్తనానికి మాంసం తగల్లేదు, చేతికి చిక్కిన జంతువుని వదిలేవాడు మనలో ఉన్నాడు, వాడి మర గడప తొక్కొద్దు అన్నారు. మా అత్త లేచి, "ఆడి మర పిండి నాను తినను. ఆడి తల్లినే సెప్తన్నాను" అంది. మరిది నా వైపు చూశాడు. చెప్పొద్దని ఆ చూపు. నేను నోరు విప్పితే ఆ క్షణమే సభ మారిపోయేది. విప్పలేదు. ఇచ్చిన మాట కోసమే ఊరుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మా పొలం కూడా ఎండింది. నా పిల్లలు దుంపలు తవ్వుకు తింటున్నారు. ఒక్క కణుజుని కొట్టి ఉంటే ఏం పోయేదిరా అని ఆ రోజు నాకూ మండింది. బళ్లో పిల్లలకి నమ్మకాలు వేరు, నిజాలు వేరు అని పాఠం చెప్పే పంతులమ్మని నేను.

ఆ ఏడంతా ఇంజను మోగలేదు. అతను మాత్రం రోజూ పొద్దున్నే గుమ్మం తెరిచి, చెంబు తోమి, నీళ్లు నింపి కూర్చునేవాడు. సంతకి పోయేవాళ్లు దారి మార్చి అవతలి గట్టు మీంచి నడిచేవారు. మరుసటి ఏడు వానలు పడ్డాయి. పట్టుదల కన్నా నడుం నొప్పి పెద్దది కాబట్టి ఒక్కొక్కరే గింజలు తెచ్చారు. ఎవరూ తప్పయిందనలేదు. అతను ఎవర్నీ అడగలేదు, నీళ్లిచ్చాడు.

మా అత్త మాత్రం మాట తప్పలేదు. పోయేదాకా తిరగలి పిండే తింది. మర వచ్చాక, నున్నబడిన తిరగలి రాళ్లకి గంట్లు పెట్టేవాడు ఊరికి రావడం మానేశాడు. అందుకని మరిది ఉలి, సుత్తి పట్టుకుని ఆమె గడపలో కూర్చుని తనే గంట్లు పెట్టేవాడు. మర ఉన్న మనిషి, తన మర పిండి ముట్టని తల్లి కోసం. ఆమె గోడ వైపు తిరిగి కూర్చునేది. బాగున్నాయనో బాగులేవనో కూడా ఒక్క మాట అనేది కాదు.

మొన్న కర్ర దించాక ముందు మోసినవాళ్లకి నీళ్లిచ్చాను, అతను ఉంటే అదే చేసేవాడు. ఎక్కడ పడుకోబెట్టాలి అన్నారు. మరలో అన్నాను. నేల పిండితో, ఇంజను నూనెతో జిడ్డుగా ఉంది, అలకాలి. నా వాకిట్లో పొద్దున్నే అతని కోసం కలిపి పెట్టుకున్న పేడనీళ్ల కుండ నిండుగా ఉంది. ఒక ముసలావిడ అటు చూసి, అలవాటు కొద్దీ, "ఈయేడూ ఉత్త సేతులేనా మిల్ట్రీ" అంది. అని తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆ కుండ ఎత్తుకెళ్లి, ఆ నీళ్లతోనే మర నేలంతా అలికాను. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క మూల కూడా వదలకుండా, సరిగ్గా అలికాను. అక్కడ కూడా ఆ కంచరగాడిదల సంగతి నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. జాలి పడితే బతకలేనన్నవాడు ఇక లేడు, ఎంత పడతారో పడండి.

మర్నాడు పొద్దున అతన్ని ఎత్తుకుపోయాక గుమ్మం వేద్దామని వెళ్లాను. నేలంతా ఆరి నా వేళ్ల గీతలు తేలాయి. కంబళి పరిచి అతన్ని పడుకోబెట్టిన చోట మాత్రం ఆరలేదు. మర మధ్యలో మనిషంత పొడుగున ఇంకా తడిగానే ఉంది.