కరివేపాకు పక్కన తులిప్ కుండీ

ఆ కంపు ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. ఆఫీస్ పని మీద కొన్ని వారాలు శాన్ రామన్‌లో ఉండి, జనవరి చివర్లో హెర్న్‌డన్‌లోని అక్క ఇంటికి తిరిగొచ్చాను. తలుపు తీయగానే ముఖాన కొట్టింది. పులిసిన పాలు, కుళ్లిన ఉల్లిపాయలు, తడి సాక్సులు అన్నీ కలిపి హీటర్ మీద పెట్టినట్టుంది.

"ఏందక్కా ఈ వాసన?"

"మాకేం వస్తలేదే," అంది అక్క. ఆ ఇంట్లో ముక్కులన్నీ చచ్చిపోయాయన్నమాట.

వాసన పట్టుకుని కిటికీ దాకా వెళ్లాను. అక్కడ కరివేపాకు మొక్క పక్కన, బయట మంచులో ఉండాల్సిన నా కుండీ కూర్చుని ఉంది.

దాన్ని నవంబర్‌లో అమ్మ కోసం పెట్టాను. అమ్మ హైదరాబాద్ నుంచి ఆరు నెలలుందామని వచ్చింది. తులిప్‌లను సినిమా పాటల్లో తప్ప చూడలేదనీ, ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలనీ అంది. ఫ్లాట్‌లో పెరిగి మనీప్లాంట్‌కి కూడా నీళ్లు పోయని నేను, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పెద్ద కుండీలో అడుగున తులిప్ గడ్డలు, మీద మట్టి, ఆపైన డాఫడిల్ అనే పసుపు పూల గడ్డలు, మళ్లీ మట్టి, అన్నిటికన్నా పైన క్రోకస్ పూల చిన్న చిన్న గడ్డలు. పైవి ముందు పూస్తాయి, అడుగువి ఆఖర్న. ఏప్రిల్‌లో అమ్మ ఫ్లైట్ ఎక్కేలోగా అన్నీ పూసేయాలి. షరతు ఒక్కటే. చలికాలమంతా బయటే ఉండాలి. చలి తగలకపోతే పువ్వు రాదు. అమ్మకు పదిసార్లు చెప్పాను.

"లోపలికి ఎవరు తెచ్చిన్రు?" అని అరిచాను.

"నేనే. గంత మంచు పడుతుంటే బయట వదిలేస్తరా ఎవరన్నా? పాపం," అంది అమ్మ.

"దానికి చలి కావాలని చెప్పిన కదమ్మా!"

"చలి ఎవరికి కావాలెనే? నువ్వు ఇంట్ల కూడా జాకెట్ ఇప్పవు."

ఈ దేశంలో తెలుగువాళ్లు చలి మొదలవగానే స్వెటర్ల కన్నా ముందు కరివేపాకు మొక్కను గుర్తు చేసుకుని లోపలికి తెస్తారు. పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటారు. అమ్మ నా కుండీని కూడా ఆ లెక్కలో కలిపేసింది.

"నీళ్లు పోసినవా?"

"నీళ్లెందుకు? పుల్లటి మజ్జిగ పోసిన. కరివేపాకుకు పోసినప్పుడల్లా దీనికీ ఓ గ్లాసు. చూడు, అది ఎట్ల చిగురేసిందో!"

నిజమే, కరివేపాకు నిగనిగలాడుతోంది. మొత్తం దూసి పారేయాలనిపించింది. రోజూ వీడియో కాల్‌లో ఆ మొక్కనే చూపించేది. పక్కనున్న కుండీ మీదికి ఒక్కసారి కూడా ఫోన్ తిప్పలేదు.

గరాజ్‌లో అట్టపెట్టెలు విప్పి పరిచి కుండీ బోర్లించాను. మట్టి మీద పెరుగు తొరక లాంటిది, దాని మీద తెల్లటి బూజు. సన్నటి దోమల్లాంటి పురుగులు లేచి నోట్లోకి వచ్చాయి. క్రోకస్ గడ్డలు ముట్టుకుంటే చీములా జారాయి. డాఫడిల్స్‌కి ఉడికించిన నూడుల్స్‌లా పాలిపోయిన మొలకలు. ఇక తులిప్‌లు! పొట్టు నా చేతిలో మిగిలింది, లోపలిది జిగటగా అట్ట మీద పడింది. గ్లవ్స్ ఉన్నా నాకు ఓకరింత ఆగలేదు.

అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. "ఛీ, గింత గలీజా?"

"నువ్వే కదా చేసినవ్!"

"అరవకు. ఒక్కటన్నా బాగుందేమో చూడనీ."

కొంగు వదిలేసి, కూర్చుని, ఉత్త చేతుల్తో ఒక్కొక్కటీ నొక్కి చూసింది. వద్దంటే వినదు. అన్నీ మెత్తగానే ఉన్నాయి. తర్వాత ఆ చేతులు కిచెన్ సింక్‌లో, గిన్నెల పక్కన కడిగింది. దానికి ఇంకోసారి అరిచాను.

మళ్లీ నాటడానికి టైం లేదు. షాపులో తులిప్ గుత్తి కొనిస్తానన్నాను.

"కోసినవి నాకెందుకు? మట్టిల నిలబడ్డవి చూడాలె," అంది.

ఏప్రిల్‌లో అమ్మను కారులో ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్తుంటే ఒక ఆఫీస్ బిల్డింగ్ ముందు సిగ్నల్ పడింది. పక్కనే ఎర్ర తులిప్‌లు, స్కేలు పెట్టి నాటినట్టు. రేకులు రాలగానే వీటిని పీకి ట్రక్కులో పడేస్తారు. నాకు వాటిని చూస్తేనే చిరాకేసింది.

అమ్మ అద్దం దించింది. "ఇవేనా?"

"ఇవే."

తల బయటపెట్టి గట్టిగా గాలి పీల్చింది. "వాసనే లేదు కదనే! వీటికోసమా నన్ను గన్ని తిట్లు తిట్టినవ్?" అంది, తల ఇటు తిప్పకుండానే.

గ్రీన్ పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆగమని ఊపాను. అమ్మ చూడటం ఇంకా అవ్వలేదు.