మా మామ పంచిన రాజ్యం

దసరా వెళ్లిన వారంలో ఒక పొద్దున జమ్మికుంట నుంచి మా వదిన ఫోన్ చేసింది. "బాపు పోయిండు. చాయ్ తాగి కప్పు కింద పెట్టిండు, గంతే. తమ్మునికి నువ్వే చెప్పు, నాతోని కాదు" అంది. ఆమె తమ్ముడంటే మా ఆయన. అప్పుడు స్నానం చేస్తున్నాడు. నీళ్ల చప్పుడు ఆగేదాకా తలుపు బయట నిలబడ్డాను. ఆ కాసేపు మా మామ పోయిన సంగతి ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

ఆయన జమ్మికుంట పత్తి మార్కెట్లో అడ్తిదారు. రైతు తెచ్చిన పత్తిని దగ్గరుండి వేలంలో అమ్మిపెట్టే దుకాణం ఆయనది. ఊళ్లో ఎవరిని కదిపినా ఆయన గురించి పత్తి మాటలే చెబుతారు. నేను చెప్పేవి వేరే.

గుండె ఆపరేషన్ తరువాత కొన్నాళ్లు కరీంనగర్‌లో మా ఇంట్లో ఉన్నారు. మార్కెట్ దుమ్ములోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పనిలేక మనిషి పరేషాన్ అయిపోయేవారు. నాకు కాలేజీ రోజుల నుంచి కంప్యూటర్లో ఒక ఆట అలవాటు. మీలో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: వెయ్యేళ్ల కిందటి లోకపటం మీద ఒక చిన్న రాజును ఎంచుకుని రాజ్యం పెంచాలి. ఆ రాజు చనిపోతే అతని కొడుకుగా, ఆపైన మనవడిగా ఆడాలి. వంశం ఆగిపోతే ఆట అయిపోయినట్టే. ఒక మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి ఆడుతుంటే మామ వెనక నిలబడ్డారు.

"గీ పటమేంది బిడ్డా? మన ఓరుగల్లు ఉన్నదా గిండ్ల?"

ఉందని చూపించాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఓరుగల్లు పక్కన ఒక చిన్న కోటకు మా మామ రాజు, నేను మంత్రిని. మౌస్ నా చేతిలో, హుకుం ఆయన నోట్లో. నెల తిరిగేసరికి మౌస్ కూడా ఆయన చేతికే పోయింది. యుద్ధం ప్రకటించే ముందు లేచి వెళ్లి చాయ్ తాగి వచ్చేవారు. వచ్చాక చాలాసార్లు "వద్దు తియ్" అనేవారు. "గెలుసుడు అల్క బిడ్డా, నిలుపుడు కష్టం" అన్నది ఆయన మాట.

ఎంత నిదానంగా ఆడినా, మొదటి రాజు చనిపోగానే రాజ్యం ముగ్గురు కొడుకుల మధ్య మూడు ముక్కలైంది. పెద్దకొడుకుగా మాకు మిగిలింది ఒక్క కోట. తమ్ముళ్లిద్దరూ మరుసటేడే మా మీదికి సైన్యంతో వచ్చారు. మామ అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. "అందరికి సమానం పంచుడే గదా. మరి కొట్లాటెందుకు?" అన్నారు.

తరువాతి రాజుకు ఇద్దరు కొడుకులు పుట్టారు. ఈ ఆట ఆడేవాళ్లందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. అది చెప్పాను. "చిన్నోణ్ని యుద్ధంల ముందు వరుసకు పంపుదాం మామా. పోతే రాజ్యం ఒక్కటే ఉంటది."

ఆయన మౌస్ మీది చెయ్యి తీసేశారు. "ఆటనే గావచ్చు. కొడుకు గదా వాడు" అన్నారు.

అలాంటివి ఎప్పుడూ చెయ్యనివ్వలేదు. దానికి బదులు చిన్నవాడి కోసమని పక్కన ఇంకో కోట గెలిచి, తండ్రి బతికుండగానే వాడికి ఇచ్చేవారు. ఒకసారి తెలివైన కూతురు పుట్టింది. "బిడ్డెలకేం లేదా గీ ఆటల?" అని అడిగారు. చట్టం మార్చొచ్చు కానీ సామంతులు ఒప్పుకోవాలని చెప్పాను. ఒప్పుకోనివాళ్లను ముందుగా ఒక్కొక్కరినే మంచి చేసుకోవాలి. ఆయన ఓపికగా అందరినీ మంచి చేసుకుని ఆ పిల్లను గద్దె ఎక్కించారు. ఆ సాయంత్రం రెండు రొట్టెలు ఎక్కువ తిన్నారు.

ఆయన మంచాన పడ్డప్పటి నుంచి జమ్మికుంట దుకాణం నడిపింది మా వదినే. ఆమె అత్తగారిల్లు కూడా ఆ ఊరే. మా ఆయనకు ఇక్కడ ఉద్యోగం. మా మరిదికి సుల్తానాబాద్‌లో పురుగుమందుల దుకాణం ఉంది. జమ్మికుంట దుకాణం అమ్మి సుల్తానాబాద్‌లో మిల్లు పెట్టాలని అతని కోరిక. పైకి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

మా పాప పుట్టువెంట్రుకలకు అందరం కొండగట్టు వెళ్లాం. మొక్కు అయ్యాక సత్రంలో విస్తళ్లు వేస్తుండగా మామ ముగ్గురు పిల్లల్నీ పిలిచారు. "నేనింక ఉండంగనే చెప్తున్న. పొలం మీ అన్నదమ్ములది. దుకాణం అక్కది."

మా ఆయన తల ఊపాడు. మరిది లేచి నిలబడ్డాడు. "నన్నొక్క మాటన్న అడగకపోతివి బాపు" అన్నాడు. నా వైపు తిరిగి, "మంచిగ నేర్పినవ్ వదినా ఆట" అని, తినకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత చాలాకాలం మా ఇంటి గడప తొక్కలేదు. తండ్రితో ఫోన్లో కూడా మాట్లాడలేదు.

నేను బాధపడుతుంటే మామే ఓదార్చారు. "ఆట తప్పు గాదు, నీ తప్పు గాదు. సామంతుణ్ని ముందుగాల మంచి చేసుకోవాలెనని ఆట చెప్పనే చెప్పింది. ఆడ యాదికున్నది ఇంట్ల మరిచిపోయిన. వాణ్ని ఒక్కణ్నే కూసోబెట్టుకొని అడగాల్సుండె."

జమ్మికుంటకు తిరిగి వెళ్లాక, ఒంట్లో బాగున్న రోజు బస్సెక్కి సుల్తానాబాద్ పోవడం మొదలుపెట్టారు. కొడుకు దుకాణం ముందు స్టూలు మీద కూర్చునేవారట. మొదట్లో మరిది పలకరించలేదు. కొన్నాళ్లకు చాయ్ తెప్పించాడు. ఇంకొన్నాళ్లకు ఎండగా ఉందని లోపలికి రమ్మన్నాడు. జమ్మికుంట దుకాణం మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం బస్సు దొరకకపోతే మరిదే బండి మీద జమ్మికుంట తీసుకొచ్చి దింపాడు. వదిన అన్నం పెడితే తిని వెళ్లాడు. ఆ సంగతి చెప్పడానికి మామ నాకు ఫోన్ చేశారు. "మల్ల జర అన్నం వెయ్యమన్నడు బిడ్డా" అన్నారు.

మామాకోడళ్లు పక్కపక్కన కూర్చుని ఆటలేమిటని చుట్టాలు నవ్వేవారు. "కోడలు గాదు, మంత్రి" అనేవారాయన. నా మాటకు అంత విలువ ఇచ్చి విన్న పెద్దమనిషి నాకు ఇంకొకరు లేరు.

దినాలు అయిపోయిన మర్నాడు దుకాణం తెరిచారు. నేనూ వెళ్లాను. యార్డు నిండా పత్తి ట్రాక్టర్లు. వదిన ఒక రైతు కుప్ప పక్కన నిలబడింది. మరిది ఆమె వెనకాల, చేతులు కట్టుకుని ఉన్నాడు. కొనడానికి వచ్చిన సేటు వదినను దాటి మరిదినే అడిగాడు, "ఏమంటవ్ తమ్మీ, ఇస్తవా గీ రేటుకు?"

"నాకేం ఎరుక? దుకాణం అక్కది, అక్కనడుగు" అన్నాడు మరిది.

వదిన వెనక్కి తిరిగి తమ్ముణ్ని చూసింది. గాలికి లేచిన పత్తి పోగులు అతని గుండు మీద, కొత్తగా మొలుస్తున్న వెంట్రుకలకు అంటుకుని ఉన్నాయి. చెయ్యి చాపి వాటిని ఒక్కొక్కటే తీసింది. అతను తల కొంచెం వంచాడు.