కాలరు మీద క్లిప్పు

చాముండేశ్వరి చదువుకున్న తణుకు కాన్వెంటులో ఒక పద్ధతి ఉండేది. క్లాసులో తెలుగు మాట దొర్లితే చాలు, కాలరుకి బట్టలారేసే క్లిప్పు పెట్టేవారు. తెలుగు మాట్లాడుతున్న ఇంకొకరిని పట్టిస్తేనే అది దిగేది. సాయంత్రం బెల్లయ్యేసరికి ఎవరి కాలరు మీదుంటే వాళ్ళు బెంచీ ఎక్కాలి. దానివల్ల ఇంగ్లీషు ఎంతొచ్చిందో గానీ, పక్కవాళ్ళ నోళ్ళు కనిపెట్టే విద్య మాత్రం అందరికీ బాగా అబ్బింది. చాముండికి ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వే వస్తుంది. అందుకే ఇప్పుడుంటున్న ఆస్ట్రేలియాలోని కాథరిన్ అనే ఊళ్ళో, ఎర్రమట్టి పెరట్లో బట్టలారేస్తూ ఆరేళ్ళ కూతురు అపూర్వ కాలరుకి క్లిప్పు తగిలించినప్పుడు అది ఆటేననుకుంది.

అపూర్వ మాట్లాడింది తెలుగు కాదు, క్రియోల్. ఎప్పుడో పశువుల ఫారాల్లో, క్రైస్తవ మిషన్లలో ఇంగ్లీషూ ఆ నేల ఆదివాసుల పాత భాషలూ కలిసి పుట్టిన భాష. ఇప్పుడు అపూర్వ చదివే బళ్ళో సగంమంది పిల్లలకి అదే అమ్మ నేర్పిన మాట. భర్త శ్రీపతి ఆసుపత్రిలో నర్సు, చాముండి వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. వాళ్ళు డ్యూటీల్లో ఉన్నంతసేపూ అపూర్వ ఆడుకునేది ఆ పిల్లలతోనే. వాళ్ళ మాట దానికి జలుబంటినంత తేలిగ్గా అంటుకుంది.

ఓరోజు మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనా నుంచి చాముండి అక్క వీడియోకాల్ చేసినప్పుడు, అపూర్వ ఫోను లాక్కుని, "అయ్ బిన్ లుక్ బిగ్‌వన్ ఫ్రాగ్ ల టాయిలెట్" అంది. టాయిలెట్లో పెద్ద కప్పని చూశానని. వానాకాలంలో అక్కడ ప్రతి ఇంట్లోనూ జరిగేదే.

అక్క పడీపడీ నవ్వింది. "ఏంటే చాముండీ, పీఆర్ వీసా కోసం అంత దూరం వెళ్ళి పిల్లకి నేర్పింది ఇదా? రేపు యూనివర్సిటీలో ప్రెజెంటేషన్ కూడా ఇలాగే ఇస్తుందా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచీ క్లిప్పు మొదలైంది. "బిన్" అంటే క్లిప్పు. "ల" అంటే క్లిప్పు. అయితే తణుకులో క్లాసు నిండా పిల్లలుండేవారు, పట్టించడానికి ఎవరో ఒకరు దొరికేవారు. ఇక్కడ అపూర్వ ఒక్కతే. ఎక్కిన క్లిప్పు దిగే దారే లేదు. ఆ సంగతి చాముండికి తట్టలేదు.

కొన్నాళ్ళకి పిల్ల నోరు కట్టేసినట్టయింది. అన్నం కావాలా అంటే తలూపేది. వద్దనుకుంటే అడ్డంగా ఊపేది. బళ్ళో కూడా చెయ్యెత్తి జవాబు చెప్పడం లేదని, ఓసారి చెవులు చూపించమని టీచరు చెప్పింది. చూపించారు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. స్థిమితపడాల్సింది పోయి చాముండికి బెంగ పెరిగింది. చెవులు కాకపోతే మరేమిటి?

"నెమ్మదస్తురాలు అవుతోందేమోలే," అన్నాడు శ్రీపతి.

"మీకన్నీ నెమ్మదే. పిల్ల మాట పోతుంటే నాకు నిద్ర పట్టట్లేదండీ."

ఆ వారమే బళ్ళో మీటింగు. చిన్న తరగతులకి ఆ ఏడాది కొత్తగా పెట్టిన రోజుకో గంట క్రియోల్ పాఠం ఉంచాలా, తీసెయ్యాలా అని. తీసెయ్యమనే చెప్పాలనుకుంది చాముండి. రెండు మాటల మధ్య పిల్ల నలిగిపోతోంది, అదే జబ్బు అని తనలో తనే తేల్చుకుంది. పునుగుల డబ్బా పట్టుకుని కాస్త ముందే బయల్దేరింది.

వరండాలో నడుస్తుంటే ఒక గొంతు వినబడి కాళ్ళాగిపోయాయి. కిటికీలోంచి తొంగిచూసింది. అపూర్వ నిలబడి క్రియోల్‌లో కథ చెబుతోంది. ఆగకుండా, చేతులు తిప్పుతూ. కథలో కప్ప ఉంది, టాయిలెట్ ఉంది, అట్లకాడ పట్టుకుని కప్ప మీదికి యుద్ధానికెళ్ళిన మామీ, అంటే అమ్మ, ఉంది. "మై మామీ బిన్ సింగవుట్, అమ్మో!" అని అమ్మ పెట్టిన కేకని అనుకరిస్తూ అపూర్వ ఎగిరేసరికి పిల్లలు చాపల మీద దొర్లారు. పాఠం చెప్పే మేవిస్ ఆంటీ, తెల్లజుట్టు ముసలామె, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

పిల్ల మాట ఎక్కడికీ పోలేదు. చాముండి గోడకానుకుంది.

మేవిస్ ఆంటీ ఆమెను గమనించి, అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం వేలితో కాకుండా పెదాలు ముందుకు చాచి అపూర్వకి కిటికీ వైపు చూపించింది. అపూర్వ తిరిగి అమ్మను చూసింది. నోరు మూతబడింది. చెయ్యి దానంతటదే కాలరు మీదికి వెళ్ళింది.

క్లాసయ్యాక మేవిస్ ఆంటీ బయటికొచ్చింది. "పిల్ల చెయ్యి మెడ దగ్గరికెందుకు వెళ్ళింది అమ్మాయీ?"

చాముండి తణుకు నుంచి పెరటి దాకా మొత్తం చెప్పింది. ముసలామె డబ్బాలోంచి పునుగొకటి తీసుకుంది.

"మిషన్ బళ్ళో మా భాష మాట్లాడితే నోట్లో సబ్బు పెట్టేవారు. మీకు క్లిప్పు. మీ వాళ్ళే కాస్త నయం."

మీటింగులో ఒక తాతగారు గట్టిగానే అన్నాడు. "క్రియోల్ ఇంట్లో మేమే నేర్పుతాం. బడి ఇంగ్లీషు నేర్పాలి. నా మనవలు డాక్టరిచ్చిన కాగితం చదువుకోవాలి." అందులో తప్పేముందని చాముండికీ అనిపించింది. అయినా లేచింది.

"మా పిల్లకీ ఇంగ్లీషు కావాలంకుల్. కానీ దానికి రోజు మొత్తమ్మీద నోరుండేది ఆ ఒక్క గంటే. అదీ తీసేస్తే మీరు ఇంగ్లీషు ఏ నోటికి నేర్పుతారు?"

తాతగారు పునుగు నమలడం ఆపాడు. చాముండి మొహంలోకి చూశాడు. "గంట ఉండనీ అయితే. ఇంగ్లీషు తగ్గిందో, నిన్నే అడుగుతా."

"అడగండి. అప్పుడూ పునుగులు తెస్తాను."

గంట ఉండిపోయింది.

ఇంటికొచ్చాక చాముండి అపూర్వ చూస్తుండగానే ఆ క్లిప్పు తీసుకెళ్ళి, తీగ మీది తన ఏప్రాన్‌కి పెట్టింది. "ఇంక ఇది బట్టలకేనే, అమ్మలూ." పిల్ల క్లిప్పు వైపే చూస్తూ కాలరు తడుముకుంది. నమ్మలేదేమోనని చాముండికి బెంగగానే ఉంది.

మర్నాడు పొద్దున్న టాయిలెట్లోంచి చాముండి కేక. అపూర్వ పరుగున వెళ్ళి, కప్పను రెండు చేతుల్తో ఎత్తుకుంది. దాన్ని కుళాయి కింద మొక్కల్లో వదిలేదాకా నోరు ఆపలేదు. కప్ప ఎందుకొస్తుందో, అమ్మ ఎక్కడ నిలబడాలో, సగం క్రియోల్, సగం ఇంగ్లీషు, మధ్యలో "భయపడకమ్మా".

"ఏంటే ఆ గోల?" నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న శ్రీపతి లోపల్నుంచి అడిగాడు.

"మీరు పడుకోండి," అంది చాముండి. "దాన్ని మాట్లాడనివ్వండి."