పొట్టతో సహా పుప్పాలగూడకు

శనివారం మధ్యాహ్నం నాలుగింటికి కేపీహెచ్‌బీ మెట్రో స్టేషన్‌లో మా సంచీ ఆపారు. "ఇదేంది మేడం, ఇంత పెద్దగుంది?" అని తనిఖీ చేసే అమ్మాయి అడిగింది. "మావారి పొట్టండి" అన్నాను. ఆ అమ్మాయి సంచీ విప్పి, నాడాలు కుట్టిన దిండును చూసి, పక్కనే ఉన్న మావారి బక్క ప్రాణాన్ని చూసి, నవ్వాపుకుంటూ వెళ్ళమంది.

మావారు రిటైరయ్యాక మా కాలనీ నాటక బృందంలో విదూషకుడి వేషం కడుతున్నారు. పాత పద్ధతి నాటకం. రాజుగారు ప్రేయసి కోసం బెంగపెట్టుకుంటే, పక్కన ఈయన లడ్డూల కోసం బెంగపెట్టుకోవాలి. కిందటి రెండు ప్రదర్శనల్లోనూ జనం ఫోన్లు చూసుకున్నారు తప్ప నవ్వలేదు. "ఈసారీ ఇంతే అయితే ఇక మొహానికి రంగు పూయను" అని తేల్చేశారు. నాకు దిగులేసింది. నాటకం లేకపోతే ఆయన టీవీ ముందు కూర్చుని వార్తలతో దెబ్బలాడతారు.

అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం చేరేసరికి ఐదు. అక్కడినుంచి ఆటో. మీరూ వెళ్తే బేరం ఎక్కకముందే తేల్చుకోండి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ట్రాఫిక్‌లో చిక్కుకున్నాక ఓపిక ఉండదు. ఈసారి ప్రదర్శన పుప్పాలగూడ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో. వెళ్ళగానే మిర్చిబజ్జీలు, టీ పెట్టారు. బజ్జీలు బాగున్నాయి. ఆరున్నరకు తెర లేచింది.

రాజుగారి విరహం బాగానే సాగింది. మావారు పొట్ట నిమురుకుంటూ లడ్డూలను తలుచుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. అప్పుడాయన వేదిక దిగి, తలుపు దగ్గర గుంజలా నిలబడ్డ సెక్యూరిటీ ఆయన దగ్గరికి నడిచారు. ఇది నాటకంలో లేదు.

"నాయనా, రాజుగారి వంటశాలకు దారి విడుము" అన్నారు చేతులు జోడించి.

అతను ఆ పొట్టను ఎగాదిగా చూశాడు. మొహంలో నవ్వు జాడ లేదు. "గిట్లెట్ల పంపుత సార్? ఏ ఫ్లాటో చెప్పుండ్రి. పైనుంచి అప్రూవల్ రావాలె."

హాలంతా గొల్లుమంది. మావారు తెల్లమొహం వేసి, వేదిక వైపు తిరిగి, "మహారాజా, అప్రూవల్ కొట్టండి" అన్నారు. రాజుగారు విరహం మరిచి నవ్వేశారు. ఆ తర్వాత లడ్డూ మాట వస్తే చాలు, జనం నవ్వడమే. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి అంత మురిసింది లేదు.

ఎనిమిదిన్నరకు ఆ సెక్యూరిటీ ఆయనే ఆటో పిలిచిపెట్టాడు. "మళ్ల ఎప్పుడొస్తరు సార్? జర ముందుగాల చెప్తే డ్యూటీ గీడనే వేయించుకుంట."

మెట్రోలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. "నవ్వులన్నీ అతనే కొట్టేశాడు కదండీ" అని ఏడిపించాను.

"పక్కవాడికి నవ్వు అందించి తాను వెర్రిమొహం వెయ్యడమే విదూషకుడి పని" అన్నారు. వెళ్ళేటప్పుడు నోరు విప్పని మనిషి, కూకట్‌పల్లి దాకా ఆ సంగతే చెప్పుకొచ్చారు.

"మరి రంగు మాటేమిటి?" అన్నాను దిగబోతూ.

"అయిపోవచ్చింది. రేపు కొనాలి" అన్నారు.