రెండు ఎంటర్లు

మార్కాపురం పలకల మిల్లుల పక్కనున్న డిగ్రీ కాలేజీలో జహరాబీ తొమ్మిదేళ్ళుగా కంప్యూటర్ ల్యాబు అటెండరు. పొద్దున్నే కీబోర్డుల్లోంచి పలక దుమ్ము దులపడం ఆమె పని. దులుపుతూ, క్లాసులో వెనక నిలబడి వింటూ, సి అనే ప్రోగ్రామింగ్ భాష మొత్తం నేర్చేసుకుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు.

సి చెప్పే సారు మానేశాక ప్రిన్సిపాల్ కృష్ణమూర్తి ఒంగోలు నుంచి ఒకాయన్ను పిలిపించాలనుకున్నాడు. జహరాబీ ధైర్యం చేసి, ఆ క్లాసు తానే చెబుతానంది. ఆయన నవ్వలేదు, అదే పదివేలు. శుక్రవారం ఒక ప్రోగ్రాం నడిపి చూపించమన్నాడు. నడవకపోతే ఒంగోలాయనే.

ప్రోగ్రాం చిన్నదే. ముందు వయసు అడుగుతుంది. అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి. తర్వాత ఒక ప్రశ్న. అవునంటే y, కాదంటే n, ఒక్క అక్షరం కొట్టాలి. చిక్కల్లా, సి లెక్కలో ఎంటర్ కూడా ఒక అక్షరమే. వయసు వెనక నొక్కిన ఎంటర్ మిగిలిపోతే, అదే జవాబనుకుని ప్రోగ్రాం ముందుకు దూకేస్తుంది. అందుకే ఆ ఒక్కదాన్నీ మింగేయడానికి జహరాబీ మధ్యలో, ఒక్క అక్షరం చదివే ఆదేశం, గెట్‌చార్ పెట్టింది. పదిసార్లు నడిపి చూసుకుంది.

శుక్రవారం కృష్ణమూర్తి కూర్చుని యాభై నాలుగు కొట్టాడు. ప్రశ్న కనబడీ కనబడకముందే ప్రోగ్రాం ముగిసిపోయింది.

"ఏందమ్మా ఇది, నన్ను చెప్పనియ్యకుండానే పోయింది?"

జహరాబీ ప్రోగ్రామును మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకోసారి కొట్టమని, ఈసారి తెరను వదిలేసి ఆయన వేళ్ళ వంక చూసింది. టక్, టక్. రెండు ఎంటర్లు. ఆ కాలేజీలో అందరూ అంతే; దుమ్ముకు ఒక్క నొక్కుకి పడదని రెండుసార్లు నొక్కడం అలవాటైపోయింది. దులిపిన కీబోర్డును ముందుగా తాకేది తానే కాబట్టి జహరాబీకి ఒకటే సరిపోయేది. గెట్‌చారూ ఒకదాన్నే మింగింది, ఆయన రెండో ఎంటర్ జవాబైపోయింది. ప్రిన్సిపాల్ అలవాటు తప్పని చెప్పే అటెండరు మాత్రం ఇంకా పుట్టలేదు.

ఆమె గెట్‌చార్ తీసేసి, అక్షరం చదివే చోట %c అనే గుర్తుకు ముందు ఒక్క ఖాళీ పెట్టింది. ఇక ఎన్ని ఎంటర్లు వచ్చినా పక్కకు నెట్టేసి, అసలు అక్షరం కోసం ప్రోగ్రాం కాచుకుని కూర్చుంటుంది. పనిలో పనిగా ప్రశ్న కూడా మార్చింది: జహరాబీ క్లాసు చెప్పొచ్చా?

ఆయన మళ్ళీ వయసు కొట్టాడు. ప్రశ్న చదివి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఎంటర్ నొక్కాడు. నాలుగుసార్లు నొక్కినా ప్రోగ్రాం ముందుకు కదల్లేదు.

"ఇది నన్ను వదిలిపెట్టదా ఏంది?"

"జవాబు చెప్పేదాకా పెట్టదు సార్."

కృష్ణమూర్తి y వెతికి కొట్టి, ఎంటర్ నొక్కాడు.

జహరాబీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. రెండూ దిగమింగుకుని, తలుపు దగ్గర తొంగిచూస్తున్న విద్యార్థుల వైపు తిరిగింది.

"లోపలికొచ్చి కూచోండి," అంది. "నోట్సు తీయండి."